చలవ మన్ను

"వేడి, వేడి అని మొత్తుకుంటాంటే చెవిన యేసుకోవేమే రంగీ? కడుపుతో ఉండే పిల్లకు ఎవురన్నా ఉలవకట్టు పోస్తారా?"

పొద్దున్నే మొదలైన మాట సంగటి దించే వేళకు కూడా తెగలేదు. సుంకులమ్మ నడవలో గోడకు ఆనుకుని, మడవడానికి రాని కాళ్ళు ముందుకు చాపుకుని, వంటింటి వైపు మొహం పెట్టి అరుస్తోంది. లోపల ఆమె కోడలు రంగక్క పొయ్యి ముందు కూర్చుని, ఉడుకుతున్న ఉలవల మీద తేలిన నురగను గరిటెతో తీసి పక్కకు విదిలిస్తోంది.

"నిన్న బోరింగు కాడ తల తిరిగి బిందెతో కూడా కూలబడిందత్తా. చూస్తా ఊరుకోమంటావా?"

"తల తిరిగేది పిత్తానికి. పిత్తానికి మళ్ళీ వేడి పోస్తే తగ్గుతాదా? మజ్జిగ పొయ్యి. సబ్జాలు నానేసి పొయ్యి."

"పోసినా కదా! మజ్జిగ పోసినా, సబ్జాలు పోసినా, అంబలి చల్లార్చి పోసినా. జలుబు చేసి రొమ్ము పట్టుకునె. చలవ ఎక్కువైంది, మిరియాల కషాయం పొయ్యి అని నువ్వే అంటివి. అదీ పోసినా. మూతంతా పుండ్లయ్యె."

"అది అప్పటి మాట."

"మరి ఇప్పటి మాట ఏందో ఒకటే చెప్పు, చేస్తా."

ఉలవల వాసన నడవలోకి వచ్చింది. "ఆ కట్టేదో నాకిట్ల పోసియ్యి," అంది సుంకులమ్మ గొంతు తగ్గించి. "మోకాళ్ళకు మంచిది. దానికి మాత్రం పొయ్యొద్దు."

రంగక్కకు నవ్వు రావలసింది. రాలేదు. ఆ ఇంట్లో నాలుగు ఒళ్ళకు నాలుగు తీర్లు. అత్తది వాతం, మజ్జిగ చుక్క తగిలితే మోకాళ్ళు బిగుసుకుంటాయి. కోడలు ఓబక్కది వేడి, ఉలవలు నువ్వులు బెల్లం దగ్గరికి రానివ్వకూడదు. మొగుడు ఎర్రప్పది పిత్తం, చెనిక్కాయ చట్నీ తిన్న పూటంతా పుల్లటి త్రేన్పులు. కొడుకు పాపన్నకు ఆ చట్నీ లేకపోతే ముద్ద దిగదు. ఉండేది ఒక పొయ్యి, ఒక జత చేతులు. ఒకరికి సరిపోయేది ఇంకొకరికి పడదు. ఎవరికి ఏది పడకపోయినా మాట పడేది రంగక్కే.

ఇంతకీ ఐదో నెల కడుపుతో ఉన్న ఓబక్క మూలన కూర్చుని, తన గురించి కాదన్నట్టు, చీర కొంగు చివర్ని ముడి వేస్తూ విప్పుతూ ఉంది. పొట్ట తప్ప ఒంటి మీద కండ లేదు. పెదాలకు రంగు లేదు.

దొడ్లో ఎద్దులకు మేత వేసి ఎర్రప్ప లోపలికి వచ్చాడు. చట్టిలోకి తొంగి చూసి, "ఉలవలు యాటివి?" అన్నాడు.

రంగక్క చట్టి మీద మూత పెట్టేసింది. "విత్తనం కుండలోవి. పిడికిడే తీసినా. అలసందలు, అనుములు, కొర్రలు ముట్టుకోలే. విత్తనానికి తక్కువ కాదులే."

తిడతాడనుకుంది. అతను చెయ్యి కడుక్కుంటూ, "పిడికిడేల? కుండంతా ఒండేయ్," అన్నాడు. "ఈ ఏడు దిగువ చేన్లో గూడా ఉత్త కాయే. అక్కిడి లేదు."

ఆ మాట ఎంత మామూలుగా అన్నాడంటే, సుంకులమ్మ కూడా మోకాళ్ళ సంగతి మరిచి అతని వైపు చూసింది.

ఆ ఊళ్ళో ఉత్తినే కాయ అంటే చెనిక్కాయే, వేరుశనగ. దాన్ని విత్తేటప్పుడు గొర్రు వెనకాల తాడుతో ఒక వెదురు గొట్టం కడతారు. ఇంటి ఆడది దాన్ని పట్టుకుని నడుస్తూ, ఒడిలో కలిపి పోసుకున్న కంది, అలసంద, అనుము, ఉలవ, జొన్న గింజల్ని అందులోకి వదులుతూ పోతుంది. కొన్ని కాయ సాళ్ళకు ఒకటి చొప్పున పడే ఆ కలగూర సాలునే అక్కిడి సాలు అంటారు. కాయ మండీకి పోతుంది. అక్కిడి పంట ఇంట్లోకి వస్తుంది. అది ఆడవాళ్ళది. ఎంత పండింది, ఏం చేశావు అని మగవాళ్ళు అడిగే రివాజు లేదు. వానలు మొహం చాటేసి కాయ మాడిన ఏడు కూడా ఆ సాలులో కంది నిలబడేది, ఉలవ తీగ నేలను పట్టుకుని పాకేది. రంగక్క కాపురానికి వచ్చిన కొత్తలో రెండు చేలల్లోనూ అక్కిడి ఉండేది. కాయకు గిరాకీ పెరిగాక ఎగువనుండే మీది చేన్లో అక్కిడి పోయింది. దిగువ చేన్లో మాత్రం ఆమె పట్టుపట్టి నిలుపుకుంటూ వచ్చింది.

"నన్నొక మాట అడగల్లేదే," అంది.

"అడిగేదేముండాదే? మీది చేను ఎట్లాగూ పాయె. ఉండేది దిగువదే. దాంట్లో కూడా సాళ్ళకు సాళ్ళు నీ కందులకు ఇచ్చేస్తే, మండీకి ఏం తోలాల? నీ అలసంద తీగ పాకి కాయ చెట్టును తొక్కేస్తాది. ఈ ఒక్క ఏడు ఓర్చుకో."

"పోయినేడూ ఇదే మాట అంటివి, మన్ను తోలేటప్పుడు."

ఎర్రప్ప ముద్ద పిసుకుతున్న వేళ్ళు ఆగాయి. గబగబా తిని లేచి వెళ్ళిపోయాడు. ఆ మన్ను మాట ఎత్తితే ఆ ఇంట్లో ఎవరూ పలకరు.

పలకరంటే, అందులో అందరికీ పాలుంది మరి. ఏళ్ళ తరబడి కాయ మీద కాయ వేసిన మీది చేను పాలిపోయింది. మొలక లేచేది, జానెడు కాకముందే ఆకు పసుపు తిరిగేది. కసువు చేత్తో పీకుతూ రంగక్కే ఒకరోజు, "నేల కాళ్ళు కాలేట్టుగా ఉండాదత్తా," అంది. ఇంట్లో కూర్చున్న సుంకులమ్మ వెంటనే తేల్చేసింది. "నేలకు వేడి చేసింది. ఉత్త చెనిక్కాయ తింటే మనిషికి పిత్తం చెయ్యదా? నేలకూ అంతే. చలవ చెయ్యల్ల." చలవ అంటే చెరువు మన్ను. ఎన్నేళ్ళు నీళ్ళలో నానిన మన్ను అది, అంతకంటే చలవ లోకంలో ఏముంది? ఎర్రప్పకు ఆ మాట నచ్చింది. రంగక్కకూ నచ్చింది. పాపన్న బండి కట్టాడు.

చెరువు నడుమ ఉండే నల్లమన్నును ఊళ్ళోవాళ్ళు అప్పటికే తవ్వుకుపోయారు. వీళ్ళకు గట్టువార నేల మిగిలింది. అక్కడ మన్ను మీద తెల్లగా, పిండి చల్లినట్టుగా పొంగి ఉంది. ఎర్రప్ప పిడికిట్లోకి తీసుకుని మురిసిపోయాడు. "చూడు, వెన్న మాదిరి. తెల్లనిదంతా చలవే. పాలు, మజ్జిగ, వెన్న, ఏది వేడి చెప్పు?" ఎవరూ కాదనలేదు. బండ్లు బండ్లుగా తోలి చేనంతా చల్లారు. రంగక్క పెళ్ళలు చేత్తో చిదిపి మరీ పరిచింది. మామూలుగా కొత్త మన్ను తెస్తే ఎవరో ఒకరు నాలిక మీద కొంచెం వేసుకుని చూస్తారు. నోటినిండా చలవ అనే మాట ఉండగా నాలిక మీద మన్ను పెట్టుకోవాలని ఆ రోజు ఎవరికీ తోచలేదు.

అది చవుడు, ఉప్పు మన్ను. రెండు చినుకులు పడి ఎండ కాసేసరికి చేను రొట్టె పెనంలా అట్ట కట్టింది. కాయ మొలక దాన్ని పగలగొట్టుకుని పైకి రాలేక లోపలే వంకర తిరిగి కుళ్ళింది. ఇంటికి తెచ్చి చేన్లో చల్లకుండా మిగిలిన కుప్ప దొడ్డి గోడ వారన అట్లాగే ఉండిపోయింది. తీసేయాలని ఎవరికీ చేతులు రాలేదు. దిగువ చేన్లో ఈ మన్ను పడలేదు. అందుకే ఇప్పుడు అందరి కళ్ళూ దాని మీద.

మధ్యాహ్నం రంగక్క, ఓబక్క నడవలో సుంకులమ్మ దగ్గర కూర్చుని విత్తనం కాయలు వలుస్తున్నారు. మిషన్‌లో పోస్తే గింజ పగులుతుంది కాబట్టి విత్తనానికి చేత్తోనే వలవాలి. బొటనవేలి గోరు కింద చీలి మంట పుడుతుంది. తడిగుడ్డ చుట్టుకుని వలుస్తారు. ఓబక్క నాలుగు కాయలు వలిచి ఒక గింజ నోట్లో వేసుకుంటోంది.

"తినొద్దే, విత్తనం," అని సుంకులమ్మ అదిలించింది. "పైగా పిత్తం."

"ఇంట్లో తినేకి ఇంగేముండాది అవ్వా?" అంది ఓబక్క, ఎదురు చెప్పినట్టు కాకుండా, నిజంగా అడిగినట్టే.

నిజమే. పొద్దున సొసైటీ బియ్యం అన్నం, చట్నీ. సాయంత్రం సంగటి, చట్నీ. రసంలోకి పప్పు బదులు వేయించిన చెనిక్కాయల పొడి. పోయినేడు వాన లేక దిగువ చేన్లో అక్కిడి కూడా విత్తనానికి మించి రాలేదు.

కాసేపటికి ఓబక్క లేచి దొడ్లోకి వెళ్ళింది. వచ్చింది. మళ్ళీ వెళ్ళింది. కడుపుతో ఉన్న పిల్ల, ఒంటికి రెంటికి పోతోందిలే అనుకుంది రంగక్క. మూడోసారి వెళ్ళినప్పుడు, వాంతి చేసుకుంటోందేమోనని తానూ లేచి వెనకాలే వెళ్ళింది.

ఓబక్క గోడ వార ఆ కుప్ప ముందు గొంతుక్కూర్చుని ఉంది. దవడ ఆడుతోంది.

"ఏందే నోట్లో?"

"ఏం ల్యా అత్తా."

"తెరువు."

తెరవలేదు. రంగక్క గడ్డం పట్టుకుంది. పెదాల అంచున తెల్లటి పొడి, పళ్ళ సందుల్లో మన్ను.

"ఎన్నాళ్ళనుంచి?"

"వేవిళ్ళప్పట్నుంచి." ఓబక్క కళ్ళు కిందికి దించుకుంది. "చూస్తే ఆగల్యాకపోతా అత్తా. ఉప్పగా, బాగుంటాది."

ఇంట్లో ఒక్కరూ నాలిక మీద పెట్టుకుని చూడని మన్నును ఈ పిల్ల కడుపులోకి పంపుతోంది. రంగక్కకు కొట్టాలనిపించింది. ఎవరిని కొట్టాలో తెలియలేదు. నడవలోంచి సుంకులమ్మ గొంతు వచ్చింది.

"మన్నేనా? తిననీ లేవే! నీ మొగుడు కడుపులో ఉన్నప్పుడు నేను తిన్లేదా? మన్ను చలవే."

"చలవా?" రంగక్క గొంతు తనకే కొత్తగా వినిపించింది. "మీది చేను చూసినావా అత్తా, ఎంత చలవ చేసిందో? మూడు దినాలకు మొలకంతా కుళ్ళిపాయె. లోపలుండేది కూడా మొలకే!"

సుంకులమ్మ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "నోటికి ఏదొస్తే అదేనా! బుద్ధుందా నీకు, కడుపుతో ఉండే పిల్ల ముందర!"

నిజమే, అనకూడని మాట. ఓబక్క ఏడుపు మొదలుపెట్టింది. రంగక్క ఆ పిల్లను ఓదార్చలేదు. పేడనీళ్ళ తొట్టి దగ్గరికి పోయి, బకెట్టు ముంచి తెచ్చి ఆ కుప్ప మీద కుమ్మరించింది. మళ్ళీ ముంచి తెచ్చింది. కుప్పంతా పచ్చగా కారేదాకా పోసింది. నడుం పట్టేసింది. అప్పుడు గాని ఆగలేదు.

మర్నాడే ఓబక్కను బస్సెక్కించుకుని నాగలమడిక ఆసుపత్రికి తీసుకుపోయింది. నర్సమ్మ ఓబక్క కింది కన్నురెప్ప లాగి చూసి, అరచేతులు తిప్పి చూసి, కన్నడం కలిసిన తెలుగులో, "మన్ను తింటావేనమ్మా?" అంది.

ఓబక్క అత్త వైపు చూసింది, నువ్వు చెప్పేశావా అన్నట్టు.

"ఎవురూ చెప్పలేదు. ఒంట్లో రక్తం తగ్గితే మన్ను తినాలనిపిస్తాది. తింటే ఇంకా తగ్గుతాది." మాత్రలు పొట్లం కట్టి ఇచ్చింది. "ఇవి దినమూ మింగల్ల. మలం నల్లగా వస్తాది, భయపడొద్దు. ఊటకి ఏం తింటాండావు?"

"అన్నం. చట్నీ," అంది ఓబక్క.

"ఇంకా?"

"సంగటి. చట్నీ."

నర్సమ్మ నిట్టూర్చింది. ఆ బల్ల ముందు రోజూ ఈ జవాబే వింటున్న నిట్టూర్పు అది. "మాత్రలొక్కటే సాలవు. ఉలవలు, అలసందలు, కందిపప్పు, ఆకుకూర. అన్నీ కలిపి, దినమూ."

రంగక్క ఉండబట్టలేకపోయింది. "ఉలవలు వేడి కాదా అమ్మా? మా అత్త పొయ్యనీదు."

"వేడీ చలవా నన్ను అడగొద్దమ్మా. ఈడికొచ్చే ప్రతి అత్తా ఒకదాన్ని వద్దంటాది. అన్నీ కలిపితే ఆ పిల్ల పళ్ళెంలో ఏమీ మిగలదు." ఆ మాట విసుగ్గానే అంది. అంతలోనే బయటినుంచి ఎవరో పిలిస్తే లేచి వెళ్ళింది.

వచ్చేటప్పుడు బస్సులో ఇద్దరికీ కిటికీ పక్కన చోటు దొరికింది. ఇరుపక్కలా దున్ని పెట్టిన చేలు, వాన కోసం నోరు తెరుచుకుని ఎర్రగా, ఎండిన పినాకిని ఏటి దాకా. ఏ చేనుకు ఆ చేనులో ఒక్క కాయే పడబోతోందని అందరికీ తెలుసు.

"అత్తా, బిడ్డకు ఏమన్నా అవుతాదా?" అని అడిగింది ఓబక్క.

"కాదు."

"నిన్న నువ్వే అంటివి కదా, మొలక కుళ్ళిందని."

రంగక్క ఓబక్క చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుంది. చల్లగా ఉంది. "అరిస్తే అన్నీ నిజమైపోతాయా? మీ అవ్వ మీద కోపం."

కోపం అత్త మీదే కాదని చెబుతుండగానే తెలిసింది. మజ్జిగ పోసి జలుబు తెప్పించిందీ తనే. కషాయం పోసి మూతి పుండ్లు చేసిందీ తనే. నేల కాలుతోందని మొదట అన్నదీ తనే. బండికి ముందుపక్క బరువైతే వెనకపక్క రాళ్ళు వేసుకుంటూ పోయారు. మళ్ళీ వెనక బరువైతే ముందు వేశారు. ఇరుసు మీద ఎంత పడుతోందో ఎవరూ చూడలేదు. నర్సమ్మ చెప్పినవన్నీ ఏళ్ళ తరబడి తన ఒడిలో కలిపి పోసుకుని నడిచిన గింజలే. అప్పుడు వాటిని వేడివి ఇవి, చలవవి ఇవి అని ఏరి వేరుచేసింది ఎవరు? కలిపే చల్లేది, కలిపే కోసేది, కలిపే వండేది. అత్త మోకాళ్ళు అప్పుడూ నొచ్చేవి. కానీ కడుపుతో ఉన్న పిల్ల బోరింగు దగ్గర కూలబడేది కాదు.

ఇంటికి వచ్చాక, మొగుడు తీరిగ్గా దొరికినప్పుడు మెల్లిగా అడిగింది. గొర్రుకు కొత్త మేకు దిగ్గొడుతున్నాడు.

"దిగువ చేన్లో ఎప్పట్లా అక్కిడి పెట్టుకుందాం. పిల్లకు రక్తం లేదంట."

"మాత్రలు ఇచ్చినారు కదా?"

"మాత్రలొక్కటే సాలవంట. పప్పులు కావాలంట."

"కావాలంటే పావగడ సంతలో పాపన్న తెస్తాడు. చేనెందుకు చెడగొట్టుకునేది?"

పక్కనే బీడీ ముట్టించుకుంటున్న పాపన్న, "అదే నేనూ అంటా," అన్నాడు. "కందిబ్యాళ్ళు తెస్తాలే మా. దీనికింత రాద్ధాంతమా?"

"పోయిన వారం సంతకు పోయి ఏం తెచ్చినావురా?"

పాపన్న బుర్ర గోక్కున్నాడు. "రేడియోకి సెల్లులు."

"ఆ ముందు వారం?"

"ఆ వారం..."

"చెప్పు నాయినా, నీ పెండ్లాం ఆ సెల్లులు ఉడకబెట్టుకుని తింటాదిలే."

ఎర్రప్ప మేకు మీద సుత్తి దెబ్బ గట్టిగా వేశాడు. "ఊరికే మాటల్తో పొడవద్దు. నాకేమన్నా కడుపు నిండి ఈ పని చేస్తాండానా? మీది చేను పోయె. దిగువ చేను కూడా కొంచెం కొంచెం అన్నీ పండించి మండీకి ఏమీ తోలకపోతే, పురుడు వచ్చేనాటికి చేతిలో ఏముంటాది? నువ్వే చెప్పు, ఏముంటాది?"

అతని కళ్ళ కింద నల్లగా ఉంది. పోయినేడు మన్ను సంగతి అయినప్పట్నుంచి సరిగ్గా నిద్రపోవడం లేదని ఆమెకు తెలుసు. చెడ్డవాడైతే అరిచి గెలవచ్చు. ఇతను చెడ్డవాడు కాదు. భయపడ్డవాడు. భయపడ్డవాడికి ఒక్కటే దారి కనిపిస్తుంది. ఆ దారి కాయ. రంగక్క లోపలికి వచ్చేసింది. ఆ రెండు మూడు రోజులూ ఏ పాత్ర దించినా చప్పుడయ్యేలా దించింది. ఓబక్క నోట్లో వేసుకునేందుకు గోడ సున్నం గోకుతున్న చోట గీతలు కనిపిస్తే, అక్కడ పేడ అలికింది.

వాన పడింది. పగటి పూట, ఎవరూ అనుకోని వేళ, దక్షిణం నుంచి లేచి, ఊరంతా వాకిళ్ళలోకి వచ్చి నిలబడేంత వాన. సుంకులమ్మను కూడా చేతులు పట్టి వాకిలి దాకా తెచ్చి కూర్చోబెట్టారు. ఆమె చూరు నీళ్ళు పట్టి మొహం కడుక్కుంది. పాపన్న తడుస్తూనే దిగువ చేను దాకా పరిగెత్తి వెళ్ళి, పిడికిట్లో మన్ను తెచ్చి తండ్రికి చూపించాడు. ఎర్రప్ప దాన్ని పిసికి ఉండ చేసి చూశాడు. చాలా రోజుల తరువాత నవ్వాడు.

"పదును దిగింది. రేపు పొద్దున్నే విత్తాల."

సాయంత్రం, ఇంకా వెలుగుండగానే, అందరూ సంగటికి కూర్చున్నారు. వాన వెలిసి చూరు నుంచి చుక్కలు పడుతున్నాయి. ఎర్రప్ప ఉత్సాహంగా ఉన్నాడు. ఎద్దులు ఎప్పుడు కట్టాలి, గొర్రు పైన ఎవరు నిలబడాలి, కాయ గింజ ఎంత కట్టుకుపోవాలి అని పాపన్నకు చెబుతున్నాడు. "మీ అమ్మ జడ్డిగం పడతాది," అన్నాడు. జడ్డిగం గొర్రు మీద గింజలు వదిలే చెక్క గిన్నె. ఆ ఇంట్లో మొదటి గింజ ఇంటి పెద్దకోడలి చేతినుంచే పడాలి. సుంకులమ్మ కాళ్ళు నడిచినన్నాళ్ళూ ఆమె పట్టింది, తరువాత రంగక్క. కడుపుతో ఉన్న పిల్ల జడ్డిగం ముట్టకూడదు. కూలి మనిషి చేత మొదలుపెట్టిస్తే ఆ పంట ఇల్లు చేరదని ఎర్రప్పకు గట్టి నమ్మకం. ఒకసారి రంగక్కకు జ్వరమొచ్చి, ఆమె లేచేదాకా పదును ఆరిపోతున్నా చేన్లో గొర్రు దింపకుండా ఆగిన మనిషి.

రంగక్క వడ్డిస్తూ ఉంది. ముందు అత్తకు వేసింది, తరువాత మగవాళ్ళకు, తరువాత ఓబక్కకు. నలుగురి గిన్నెల్లోనూ ఉలవచారే. సుంకులమ్మ ఓబక్క గిన్నె చూసి నోరు తెరిచింది.

"అత్తా," అంది రంగక్క.

ఆమె గొంతు పెంచలేదు. అయినా సుంకులమ్మ తెరిచిన నోరు మూసుకుంది. ఎర్రప్ప మాట మధ్యలో ఆపి తలెత్తాడు.

"ఇంగ ఈ ఇంట్లో ఒక్క కుండే ఒండుతా. వేడికొకటి చలవకొకటి నేను ఒండలేను. పడనోళ్ళు కొంచెం తక్కువ తినండి. దాని మాత్రలు నేనే ఇస్తా, నేనే చూస్తా మింగిందో లేదో." చారు గరిటె చట్టిలో పెట్టి, చెయ్యి కొంగుకు తుడుచుకుంది. "రేపు జడ్డిగం పడతా. దిగువ చేన్లో సగానికి పడతా, కాయకు. మిగిలిన సగం కొర్ర, మధ్యలో అక్కిడి. గింజలు కలిపి పెట్టినా. అది మండీకి పోదు. ఆ సగం లేకుంటే ఈ సగానికి కూడా నా చెయ్యి రాదు."

పాపన్న తండ్రి వైపు చూశాడు. ఎర్రప్ప తన గిన్నెను వేలితో ఒకసారి తిప్పాడు.

"సగమా?" అన్నాడు చివరికి.

"సగం," అంది రంగక్క. తన పళ్ళెం తెచ్చుకుని, ఓబక్క పక్కన కూర్చుంది.